“నొక్కతానే ఉండా అక్కా, ఏం కావడం లా”

కావలిలో కంప్యూటర్ కోర్సు చివరి సంవత్సరం విద్యార్థులతో మాట్లాడిన మాటలివి. రికార్డు విని రాసుకున్నాను. చదవడానికి వీలుగా అక్కడక్కడా వాక్యాలు సరిచేశాను తప్ప ధోరణి మార్చలేదు.

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లు కొంచెం ముందుకు రండి. ఈ మైకుని నేను పెద్దగా నమ్మను.

నన్ను పిలిచిన మాస్టారు “ఏఐ గురించి చెప్పండి మేడం, పిల్లలు ఉత్సాహంగా వింటారు” అన్నారు. నేను బటన్ల గురించి చెప్తానన్నాను. ఫోన్లో కాసేపు మాట లేదు. (నవ్వులు) ఏం చేయను, నాకు తెలిసింది అదే. పద్దెనిమిదేళ్లుగా నెల్లూరు వైపు రైసు మిల్లులకి, చీమకుర్తి రాయి యార్డులకి, ఒంగోలులో బట్టల షాపులకి బిల్లింగు, కాటా సాఫ్ట్‌వేర్లు రాస్తున్నాను. రాసినవి మొరాయిస్తే పోయి బాగు చేస్తున్నాను. రాసిన రోజులకంటే బాగు చేసిన రోజులే ఎక్కువని చెప్పడానికి సిగ్గు పడను.

లెక్క తప్పిందనో, డేటాబేస్ పాడైందనో వచ్చే ఫోన్లు తక్కువ. ఎక్కువగా వచ్చేవి వేరే. బటన్ కనపడటం లేదు. కనపడుతోంది కానీ నొక్కితే పలకడం లేదు. పేర్లు సగం సగం కనపడుతున్నాయి. ఒకటి ఎంచుకుంటే ఇంకొకటి పడుతోంది. ఇవాళంతా ఈ గొడవే.

మొదట వచ్చిన ఫోన్ నుంచి మొదలుపెడతాను. నెల్లూరు దగ్గర ఒక మిల్లు. అక్కడి కుర్రాడు ఫోన్ చేసి, “నొక్కతానే ఉండా అక్కా, ఏం కావడం లా. టింగు టింగు మంటా ఉంది, అంతే” అన్నాడు. నేను ఏం చేశాను? ఆ బటన్ వెనక ఉన్న కోడ్ తెరిచాను. పైనుంచి కిందికి నాలుగుసార్లు చదివాను. తప్పేమీ కనపడలేదు. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టమన్నాను. అతను పెట్టాడు, పనిచేసింది. మర్నాడు మళ్లీ ఫోన్. మూడోరోజు బస్సెక్కి యాభై కిలోమీటర్లు పోయాను.

పోయి చూస్తే అతను చెప్పింది అక్షరాలా నిజం. నొక్కుతున్నాడు, టింగుమంటోంది. నేను ఆ టింగుని ఫోన్లో విని వదిలేశాను, అసలు ఆధారం అదే. ఇంకో కిటికీ, అంటే విండో, ఏదో జవాబు కోసం ఎదురుచూస్తూ ఈ ఫామ్‌ని, అంటే బిల్లు నింపే తెరని, తాత్కాలికంగా ఆపేసి ఉంచితే, ఆపేసిన ఫామ్ మీద నొక్కినప్పుడు విండోస్ ఆ శబ్దం చేస్తుంది. ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కాను. పెద్ద ఫామ్ వెనకాల చిన్న మెసేజ్ పెట్టె ఒకటి దాక్కుని ఉంది: “బ్యాకప్ పూర్తయింది. ఓకే.” అది రాసింది నేనే. మధ్యాహ్నం పన్నెండింటికి టైమర్ పెట్టి బ్యాకప్ తీయించి, అయిందని చెప్పించాను. ఆ సమయానికి ఆ అబ్బాయి వేరే ప్రోగ్రాంలో ఏదో చూసుకుంటున్నాడు. నా పెట్టెకి నువ్వు ఫలానా ఫామ్‌కి చెందినదానివి అని నేను చెప్పలేదు. అందుకని అది అనాథలా ఎక్కడో తెరుచుకుంది, ఇతను తిరిగి బిల్లు ఫామ్ తెరిస్తే దాని వెనక పడిపోయింది. అది ఓకే కోసం కూర్చుంది, ఫామ్ దాని కోసం కూర్చుంది. మెసేజ్ చూపించే లైనులో యజమాని ఎవరో చెప్పే చోట ఫామ్ పేరు పెడితే సరిపోయింది. ఒక్క పదం. నిజానికి ఆ మెసేజే అక్కర్లేదు. బ్యాకప్ అయితే అయిందని మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరడిగారు?

ఆ రోజు బస్సులో తిరిగొస్తూ ఒకటి గట్టిగా అనుకున్నాను, మీకు చెప్దామని వచ్చింది కూడా అదే. బటన్ పలకకపోతే బటన్లో వెతకొద్దు. దాని పైన, వెనక, చుట్టూ వెతకండి. ఇంట్లో బల్బు వెలగకపోతే ముందు ఏం చూస్తాం? కరెంటుందా, పక్కింట్లో ఉందా, మీటరు దగ్గర ఫీజు పోయిందా అని చూస్తాం. ఎవరూ తిన్నగా బల్బు మార్చరు. కంప్యూటర్ ముందు కూర్చోగానే మాత్రం తిన్నగా బల్బు మారుస్తాం.

విండోస్‌లో మామూలు బటన్ కూడా ఒక చిన్న కిటికీయే. దానికి పైన ప్యానెల్, అంటే బటన్లని కలిపి పట్టుకునే చట్రం, ఉంటుంది, ప్యానెల్‌కి పైన ఫామ్. పై ప్యానెల్‌ని డిజేబుల్ చేస్తే లోపలున్న బటన్లన్నీ చచ్చుబడిపోతాయి. మీ కోడ్‌లో “బటన్ ఎనేబుల్ ట్రూ” అని పదిసార్లు రాసినా ప్రయోజనం లేదు. అలాగే పారదర్శకంగా ఉన్న లేబుల్ ఒకటి బటన్ మీదికి నాలుగు పిక్సెళ్లు జరిగిందనుకోండి. బటన్ దాదాపు మామూలుగానే కనపడుతుంది, ఆ మూల నొక్కితే నొక్కు మాత్రం లేబుల్‌కి పోతుంది. ఇలాంటి అనుమానం వస్తే నేను ఒక మొరటు పని చేస్తాను. ప్రతి ప్యానెల్‌కి, ప్రతి లేబుల్‌కి ఒక్కో కొట్టొచ్చే రంగు వేసేస్తాను: ఒకటి పసుపు, ఒకటి గులాబీ, ఒకటి చిలకపచ్చ. ఫామ్ తిరునాళ్లలా తయారవుతుంది. ఎవరు ఎవరి మీద కూర్చున్నారో మాత్రం ఒక్క చూపులో తెలిసిపోతుంది.

సరే, కనపడటం సంగతి. ఇందులో మన తెలుగువాళ్లకే ఉన్న కష్టం ఒకటుంది, దాన్ని కొంచెం నిదానంగా చెప్తాను.

ధాన్యం కొనుగోలు బిల్లులో రైతు పేరు, ఊరి పేరు తెలుగులో కావాలన్నారు ఒక మిల్లువాళ్లు. యూనికోడ్‌లో తెలుగు పెట్టాను, గ్రిడ్‌లో, అంటే వరసల పట్టికలో, చూపించాను. బ్రహ్మాండంగా వచ్చిందనుకుని ఇంటికొచ్చేశాను. వారం తర్వాత ఓనరు గారు, “అమ్మా, మా ఊరి పేరు మార్చేశావే” అన్నారు. వాళ్లది బుచ్చిరెడ్డిపాళెం. తెర మీద “బుచిరెడిపాళెం” అని ఉంది. చ కింద చ ఒత్తు లేదు, డ కింద డ ఒత్తు లేదు. స్పెల్లింగు తప్పు కొట్టారేమో అని డేటాబేస్‌లో చూశాను, అక్కడ శుభ్రంగా ఉంది. మళ్లీ తెర మీద చూస్తే లేదు. కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరగా చూస్తే అక్షరాల కింద సన్నని గీతల్లా ఏవో ఉన్నాయి. ఒత్తుల తలలవి. మొండేలు గ్రిడ్ వరస కింద తెగిపోయాయి.

ఇంగ్లీషు అక్షరం దాదాపు ఒక గీత మీద నిలబడుతుంది, వై, జీ లాంటివి కొంచెం కిందికి కాళ్లు చాపుతాయి. మనకి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు పక్కన ఇంకో ఒత్తు. ఎత్తు ఎక్కువ కావాలి. నేను వాడిన గ్రిడ్‌లో వరస ఎత్తు మొదట్నుంచీ 22 పిక్సెళ్లని పెట్టి ఉంది. ఇంగ్లీషుకి అది ధారాళం. పైగా నేను ఎంచిన ఫాంట్ ఇంగ్లీషుది, దానిలో తెలుగు అక్షరాలే లేవు. అలాంటప్పుడు విండోస్ మన పరువు పోకుండా తన దగ్గరున్న తెలుగు ఫాంట్ తెచ్చి అక్షరాలు గీస్తుంది. విండోస్ ఎక్స్‌పీలో అయితే గౌతమి, ఏడులో వాణి కూడా వచ్చింది, ఎనిమిది నుంచి నిర్మలా యూఐ. అక్షరాలు అరువు తెస్తుంది కానీ, ఎత్తు లెక్క మాత్రం నేను చెప్పిన ఇంగ్లీషు ఫాంట్‌దే వాడుకుంటే? కురచ గుడ్డలో పొడుగు మనిషి. కింద కాళ్లు బయట. ఇక్కడ బయటపడ్డ కాళ్లు కత్తిరించేస్తారు.

తెగిన ఒత్తుల్లో ఇంకో ప్రమాదముంది. మిగిలింది కూడా చదవడానికి పదంలాగే ఉంటుంది. అద్దంకి “అదంకి” అయిపోతుంది, కొత్తపట్నం “కొతపటం”, చీమకుర్తి “చీమకురి”. గళ్లు గళ్లుగా కనపడితే ఫాంట్ లేదని అందరికీ అర్థమవుతుంది. ఇది మాత్రం టైపు కొట్టినవాడి తప్పులా కనపడుతుంది. అక్కడ టైపు కొట్టే అమ్మాయి నాలుగుసార్లు తిట్లు తిని, “అక్షరాలు సరిగ్గానే కొట్టాను” అని నాలుగుసార్లూ చెప్పిందట. ఎవరూ వినలేదు.

కాబట్టి తెలుగు చూపించే ప్రతిచోటా తెలుగు అక్షరాలున్న ఫాంటే పేరుపెట్టి చెప్పండి. ఎత్తు అంకె వేసి బిగించకండి, ఫాంటుని బట్టి పెరిగేలా వదలండి. పరీక్షించడానికి “రమ”, “సీత” కొట్టకండి. నేను ఎప్పుడూ మూడు పేర్లు కొడతాను: బుచ్చిరెడ్డిపాళెం, కొత్తపట్నం, రాష్ట్రం. రాష్ట్రంలో ష కింద ట, ఆ పక్కన ర. అది తెగకుండా కనపడిందంటే ఇంక ఏదైనా కనపడుతుంది.

ఇంకోటి వింతగా ఉంటుంది. చదవడానికి మాత్రమే అని రీడ్ ఓన్లీ పెట్టిన టెక్స్ట్ బాక్స్‌లో బాకీ మొత్తం ఎర్రగా చూపించాలి. ఎరుపు రంగు ఇచ్చాను. నల్లగానే ఉంది. మళ్లీ ఇచ్చాను. నల్లగానే ఉంది. వెనక రంగుని తీసి మళ్లీ అదే వెనక రంగుగా ఇచ్చాక అక్షరాలు ఎర్రబడ్డాయి! నిమ్మకాయ తిప్పి పడేసినట్టుగా ఉంది కదా? (నవ్వులు) కారణముంది. విండోస్ ఫామ్స్‌లో, అంటే నేను ఈ ఫామ్‌లు కట్టే సాధనంలో, రీడ్ ఓన్లీ పెట్టెకి వెనక రంగు మీరు చేత్తో చెప్పనంతవరకు, ఇతనికి రంగుల మీద పట్టింపు లేదనుకుని మొత్తం మామూలు రంగులే వేస్తుంది. ఏ రంగైనా సరే, ఒకసారి మీరు నోరు తెరిచి చెప్తే అప్పుడు మీ మాట వింటుంది. కారణం తెలియకుండా ఆ లైను కాపీ కొట్టుకునేవాళ్లున్నారు, తర్వాత వచ్చినవాడు “ఇదేంటి, దాన్ని దానికే ఇస్తున్నారు” అని తీసేస్తాడు. పక్కన ఒక ముక్క కామెంటు రాయండి.

తెర సైజు గొడవ తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది మీలో సగంమందికి అనుభవమే అయ్యుంటుంది. నా దగ్గర పెద్ద మానిటరు. రాయి యార్డు ఆఫీసులో 1366 బై 768 ల్యాప్‌టాప్. అక్షరాలు చిన్నగా ఉన్నాయని ఎవరో స్కేలింగ్ 125 శాతం చేశారు. 100 శాతమంటే అంగుళానికి 96 చుక్కలు, 125 అంటే 120, 150 అంటే 144. అంటే నా 700 పిక్సెళ్ల ఫామ్ వాళ్ల దగ్గర 875 కావాలంటుంది. తెర ఎత్తే 768. సేవ్ బటన్ టాస్క్‌బార్ కింద సమాధి అయింది. వాళ్లు ఫోన్ చేసి, “సేవ్ తీసేశావేంది మేడం?” అన్నారు. మరి రెండ్రోజులుగా బిల్లులు ఎలా సేవ్ చేశారని అడిగితే, ట్యాబ్ పదకొండుసార్లు కొట్టి ఎంటర్ కొడితే సేవ్ అవుతోందని ఒకాయన కనిపెట్టాడట. పదకొండు! ఆయనకి ఉద్యోగం ఇద్దామనుకున్నాను. (నవ్వులు) మీ మెషీన్‌లో స్కేలింగ్ 125, 150 పెట్టి ఒకసారి చూడండి. బటన్లని కింది అంచుకి, కుడి అంచుకి యాంకర్ చేయండి, అంటే అంటిపెట్టండి, మధ్యలో గ్రిడ్‌ని పెరగనీయండి, తరగనీయండి. అంతే.

ఇక నడవడిక. కనపడేది సరిగ్గానే ఉంది, చేసేది తేడాగా ఉంది.

ముందు చిన్నది. ఒక కాటా దగ్గర పెద్దాయన ఉండేవాడు. ఆయన నొక్కితే పది నొక్కుల్లో మూడు పనిచేసేవి కాదు. కుర్రాళ్లు నొక్కితే పదికి పదీ. అందరూ మౌస్ పాడైందని మార్చారు. వెనక కూర్చుని చూశాను. ఆయన మౌస్‌ని స్టాంపు వేసినట్టు గట్టిగా అదిమి, కొంచెం పక్కకి జారి, అప్పుడు వేలు తీస్తాడు. క్లిక్ అనేది నొక్కినప్పుడు జరగదు, వదిలినప్పుడు జరుగుతుంది. అది కూడా అదే బటన్ మీద వదిలితేనే. పొరపాటున నొక్కినవాడు పక్కకి జరిగి తప్పించుకోవడానికి పెట్టిన వసతి అది. ఆయనకేమో శాపమైంది. బటన్ ఎత్తు, వెడల్పు రెట్టింపు చేశాను. పెద్దగా ఉండి దగ్గరగా ఉన్నదాన్ని గురిచూడటం తేలికని పాల్ ఫిట్స్ అనే ఆయన 1954లోనే లెక్కగట్టి చెప్పాడు. నాకు ఆ కాటా దగ్గర తెలిసింది.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు. పేరు చెప్పను, నెల్లూరు జిల్లాలోనే ఒక మిల్లు. అక్కడి గుమాస్తా గారు పాతికేళ్లు చేతి చిట్టా రాసిన మనిషి. కొట్టివేత లేని చిట్టా అని ఊరంతా పేరు. కంప్యూటర్ వచ్చాక ఆయన బిల్లుల్లో వరి రకం తప్పు పడటం మొదలైంది. బీపీటీ 5204 వచ్చిన లోడుకి ఎన్ఎల్ఆర్ 34449 అని పడుతుంది. రకం మారితే రేటు మారుతుంది, రైతు వచ్చి గొడవ. ఓనరు ఫోన్ చేస్తే నేను అన్న మాట ఇది: “అది దానంతట అది మారదండీ, ఆయన్నే చూసి ఎంచుకోమనండి.” మూడు వారాలు ఆ మాట మీదే ఉన్నాను. ఆ మూడు వారాలు ఆయన అందరి ముందూ మాటలు పడ్డాడు.

తర్వాత ప్రింటరు పనిమీద అటు పోయినప్పుడు ఆయన వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన డ్రాప్‌డౌన్, అంటే నొక్కితే రకాల జాబితా తెరుచుకునే పెట్టె, తెరిచాడు, 5204 ఎంచుకున్నాడు, అది పడింది. నేను కళ్లారా చూశాను. తర్వాత కింద బస్తాల లెక్క కొట్టాలి, అది తెరకి కిందుంది. మౌస్ చక్రం తిప్పాడు. ఫామ్ కదల్లేదు. పైన 5204 కాస్తా 34449 అయి కూర్చుంది. ఆయన చూపు అప్పటికే కిందికి పోయింది, తెర పక్కనున్న పట్టీ లాగి బస్తాలు కొట్టుకుంటున్నాడు.

జరిగిందేమిటంటే, ఎంచుకున్నాక కూడా ఫోకస్, అంటే కీలూ చక్రమూ ఎవరికి పోతాయో ఆ గురి, ఆ డ్రాప్‌డౌన్ మీదే ఉంటుంది. ఫోకస్ ఉన్న డ్రాప్‌డౌన్ మూసి ఉన్నా సరే, చక్రం తిప్పితే లోపలి జాబితా తిరుగుతుంది. అది దాని పుట్టుగుణం. ఎవరూ బగ్ పెట్టలేదు. నేను చక్రం వాడను, ట్యాబ్ కొడతాను, అందుకని నా టేబుల్ దగ్గర పద్దెనిమిదేళ్లు గడిచినా ఇది కనపడేది కాదు.

నేను లేచి ఓనరు గారితో ఆయన ఎదుటే చెప్పాను, తప్పు నాదని. గుమాస్తా గారు ఏమీ అనలేదు. సొరుగులోంచి చిన్న నోటుబుక్కు తీసి నా ముందు పెట్టాడు. మూడు వారాలుగా ఏ బిల్లులో తప్పు పడిందో, ఏ రకానికి ఏ రకం పడిందో, ఎన్నింటికో, అన్నీ రాసుకున్నాడు. చివరి పేజీలో కింద ఒక గీత గీసి ఒక వాక్యం రాశాడు: “ఎప్పుడూ కింది రకమే పడుచున్నది. పై రకం ఎన్నడూ పడలేదు.” ఆ ఒక్క వాక్యం ముందే నా చేతికొస్తే ఇంట్లో కూర్చుని అయిదు నిమిషాల్లో పట్టుకునేదాన్ని. నేను అడిగితే కదా ఇవ్వడానికి! మార్పు కూడా చిన్నదే: జాబితా మూసి ఉన్నప్పుడు చక్రం సంగతి డ్రాప్‌డౌన్‌కి చేరకుండా ఆపి, ఫామ్‌ని కదిలించడం.

అప్పట్నుంచి ఫోన్ వస్తే నేను మూడడుగుతాను. ఏం చేశారు, ఏం కనపడింది, దానికి ముందు చెయ్యి ఎక్కడుంది. మూడోది ఎవరూ అడగరు.

ఇప్పుడు ఫామ్ బిగుసుకుపోవడం గురించి. తెల్లబడి “నాట్ రెస్పాండింగ్” అని పడుతుంది చూశారా, అది. మీ ఫామ్‌కి గుమాస్తా ఒక్కడే అనుకోండి. మౌస్ కదిలింది, కీ నొక్కారు, ఈ మూల మళ్లీ గీయాలి అంటూ వచ్చే ప్రతి చీటీనీ వరసలోంచి తీసి చదివి పనిచేసేవాడు ఆయనే. 1985లో వచ్చిన మొదటి విండోస్ నుంచీ ఈ చీటీల పద్ధతే. ఆయన్ని మీరు గోడౌన్‌కి పంపి లక్ష బస్తాలు లెక్కపెట్టి రమ్మంటే కౌంటరు ఖాళీ. అయిదు సెకన్లపాటు చీటీ తీయకపోతే విండోస్ ఇక ఇతను లేడని తేల్చేసి ఆ మాట పైన రాసేస్తుంది. లెక్కపెట్టే పని ఇంకో కుర్రాడికి, అంటే ఇంకో థ్రెడ్‌కి ఇవ్వాలి. మీకు ఇది పాఠంలో ఉంది, అందుకని ఎక్కువ చెప్పను. పాఠంలో లేనిది చెప్తాను.

చీమకుర్తిలో ఒక కాటా. లారీ ఎక్కితే డిస్‌ప్లే యంత్రం నుంచి బరువు తీగ ద్వారా కంప్యూటర్‌కి వస్తూనే ఉంటుంది, సెకనుకి చాలాసార్లు. ఆ బరువు తెచ్చేది వేరే కుర్రాడు, వేరే థ్రెడ్. బయటి కుర్రాడు తెర మీది పెట్టెని తాకకూడదు, తాకితే ఎర్రర్ వస్తుంది. మొదట్లో నేను ఆ ఎర్రర్ చూపించే తనిఖీనే ఆపేశాను. దొంగ వచ్చాడని కుక్క మొరిగితే కుక్కని కట్టేసినట్టు. మీలో ఎవరైనా చేశారా? ... చేతులెత్తారు, మంచిది, ఎందుకు చేయకూడదో ఇప్పుడు చెప్తాను. అంకెలు అప్పుడప్పుడు సగం పాతవి, సగం కొత్తవి పడేవి. ఎప్పుడో ఒకసారి మొత్తం కూలిపోయేది. తర్వాత బుద్ధి తెచ్చుకుని ఇన్వోక్ వాడాను. అంటే కుర్రాడు గుమాస్తాకి, “బరువు ఇదిగో, నువ్వే రాయి, రాసేదాకా ఇక్కడే నిలబడతా” అంటాడు. బాగా నడిచింది.

ఏడాది తర్వాత వేరే పనిమీద సాయంత్రం పూట అక్కడున్నాను. కాటా కుర్రాడు ప్రోగ్రాం మూశాడు, అది బిగుసుకుపోయింది, అతను అలవాటుగా పవర్ బటన్ పట్టుకుని కంప్యూటర్ ఆపేశాడు. “ఇదేంటి?” అంటే, “రోజూ ఇంతే కదా అక్కా, ఒక్కోరోజు బాగానే మూసుకుంటాది” అన్నాడు. ఏడాదిగా! ఫోన్ కూడా చేయలేదు, అది దాని తీరనుకున్నాడు.

సంగతేమిటంటే, మూయమనగానే గుమాస్తా తీగని విప్పబోతాడు. విప్పడానికి ముందు, కుర్రాడు చేతిలో ఉన్న పని ముగించాలని ఆగుతాడు. సరిగ్గా అదే క్షణంలో కుర్రాడు, నువ్వు రాసేదాకా కదలను అని గుమాస్తా ముందు నిలబడి ఉంటే? ఆయన ఇతని కోసం, ఇతను ఆయన కోసం. తెల్లవార్లూ అలాగే ఉంటారు. ఆ క్షణం కుదిరినరోజు బిగుసుకుంటుంది, కుదరనిరోజు మామూలుగా మూసుకుంటుంది. నా ఇంట్లో కాటాయే లేదు కాబట్టి నాకెప్పుడూ రాదు. బిగిన్ ఇన్వోక్ అని ఇంకోటుంది, కుర్రాడు చీటీ అక్కడ పడేసి పోతాడు, నిలబడడు. అది పెట్టాక పవర్ బటన్ జోలికి పోవాల్సిన అవసరం రాలేదు.

ఇవన్నీ పట్టుకోవడానికి పెద్ద సాధనాలేమీ వాడను. కొత్త ఖాళీ ఫామ్ తెరిచి తేడా చేసిన ఆ ఒక్క కంట్రోల్, అంటే ఆ బటనో పెట్టెనో, పెడతాను. అక్కడ బాగుంటే తప్పు కంట్రోల్‌ది కాదు, దాని చుట్టుపక్కలది. అప్పుడు అసలు ఫామ్ కాపీ తీసుకుని ఒక్కొక్కటే తీసేస్తూ పోతాను, ఏది తీసినప్పుడు రోగం పోయిందో అదే. రెండోది, ప్రతి ఈవెంట్ దగ్గర, అంటే నొక్కడం, తిప్పడం, మారడం లాంటిది జరిగిన ప్రతిచోటా, ఒక లైను ఫైల్లో రాయిస్తాను: సమయం, కంట్రోల్ పేరు, ఏం జరిగింది. ఆ గుమాస్తా గారి నోటుబుక్కే అనుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: మేడం, నాది వెబ్ పేజీ. ఫామ్ మధ్యలో “ఊరు వెతుకు” అని బటన్ పెట్టాను. నొక్కితే పేజీ మొత్తం మళ్లీ మొదటికొస్తోంది.)

ఆ బటన్‌కి టైప్ ఏమైనా రాశావా? ... రాయలేదు. ఫామ్ లోపలున్న బటన్‌కి టైప్ చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ అనే అనుకుంటుంది. నువ్వు వెతకమంటున్నావు, అది దరఖాస్తు పంపించేస్తోంది. టైప్ దగ్గర “బటన్” అని రాయి, పోతుంది. వెబ్‌లో అనుమానమొస్తే ఎఫ్12 నొక్కి, బటన్ మీద మౌస్ పెట్టి ఇన్‌స్పెక్ట్ చేయండి. అది బటన్‌ని కాకుండా ఇంకేదో పెట్టెని చూపించిందంటే, కనపడని పొర ఒకటి మీద కప్పుకుని ఉందన్నమాట. పాపప్ మూశాక దాని వెనక నల్ల తెర తీయడం మర్చిపోతారు, రంగు పోతుంది, తెర ఉండిపోతుంది.

(ఇంకో విద్యార్థి: బట్టల షాపు ప్రాజెక్టు మేడం. బార్‌కోడ్ కొట్టగానే బిల్లు సేవ్ అయిపోతోంది, రెండో ఐటం కొట్టనివ్వడం లేదు.)

ఒంగోలులో నాకూ ఇదే అయింది, దసరా ముందురోజు. బార్‌కోడ్ గన్ కంప్యూటర్ దృష్టిలో ఒక కీబోర్డే. అంకెలు కొట్టి చివర్లో ఎంటర్ కొడుతుంది, చాలావాటికి అలాగే పెట్టి వస్తుంది. నీ ఫామ్‌లో ఎంటర్ కొడితే సేవ్ అవ్వాలని పెట్టుంటావు. ఫామ్‌లో యాక్సెప్ట్ బటన్ ఏముందో చూడు. ... సేవేనా? తీసెయ్. ఎంటర్‌ని ఆ బార్‌కోడ్ పెట్టెలోనే పట్టుకుని ఐటం చేర్చు.

(మరో విద్యార్థి: మేడం, మాది సేవ్ నొక్కితే రెండుసార్లు సేవ్ అవుతోంది.)

ఎప్పుడూ రెండుసార్లేనా?

(ఒక్కోసారి మూడు. ఒకసారి అయిదు కూడా పడ్డాయి.)

ప్రోగ్రాం పెట్టిన వెంటనే మొదటి బిల్లు?

(ఒకటే పడుతుంది మేడం.)

ఇంకో కిటికీకి పోయి తిరిగొస్తే?

(... అవును మేడం. పోయి వచ్చిన కొద్దీ పెరుగుతున్నాయి.)

చూశారా, కోడ్ చూడకుండానే దగ్గరికొచ్చేశాం. సేవ్ క్లిక్‌కి ఫంక్షన్‌ని తగిలించే లైను, ప్లస్ ఈక్వల్ ఉన్న లైను, ఎక్కడ రాశావు?

(యాక్టివేటెడ్‌లో మేడం.)

ఫామ్ ముందుకొచ్చిన ప్రతిసారీ యాక్టివేటెడ్ నడుస్తుంది. నువ్వు పక్కకి పోయి వచ్చిన ప్రతిసారీ అదే ఫంక్షన్ ఇంకోసారి తగులుకుంటోంది. లోడ్‌లోకి మార్చు, అది ఫామ్ మొదట తెరుచుకున్నప్పుడు ఒక్కసారే నడుస్తుంది. ల్యాప్‌టాప్ తెచ్చావా? ఇలా పట్టుకురా, మార్చి చూద్దాం. ఆ ప్రొజెక్టరు తీగ ఎవరైనా ఇటు ఇవ్వండి.